ముప్పై ఒకటో ప్రతి

"వేలిముద్ర సరిగ్గా పడలేదు. ఇంకోసారి వెయ్యి," అన్నాడు ఒటాసీలియో.

మేస్త్రి అబ్దియాస్ బొటనవేలిని సిరా మెత్త మీద అద్ది, కాగితం మీద మళ్లీ ఒత్తాడు. యాభై ఏళ్లుగా ఉంబురానా చెక్క మీద బొమ్మలు చెక్కిన వేలు అది. గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. ఎన్నిసార్లు ఒత్తినా నల్లటి మచ్చ తప్ప ఇంకేమీ పడటం లేదు.

"సరేలే, ఇది చాలు." ఒటాసీలియో కాగితాన్ని ఊది ఆరబెట్టాడు. "రెండింటికి జీపు బయల్దేరుతుంది. ముసలాయనకి ఏదైనా తినిపించండి. దారిలో నేనెక్కడా ఆగను."

గోడ గడియారంలో పదకొండూ నలభై అయింది.

దర్యాప్తు పోలీసు డెల్మిరో కిటికీ పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఈ ఠాణాలో అతనిది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఇన్నేళ్లలో రాజధాని జైలుకి వెళ్లిన ముసలివాళ్లెవరూ తమ కాళ్ల మీద తిరిగిరావడం అతను చూడలేదు.

"సార్, ఓ పది నిమిషాలు ఆయనతో నేను మాట్లాడొచ్చా?"

"ఏం అడుగుతావయ్యా? జపమాలలో ఎన్ని పూసలుంటాయనా?" ఒటాసీలియో నవ్వాడు. రాజధాని నుంచి వచ్చిన అధికారి. నలభై దాటలేదు. న్యాయశాస్త్రం పట్టా ఉంది, జేబులో అత్తరు చల్లిన చేతిరుమాలు ఉంది. నిన్న మధ్యాహ్నం ఊళ్లో అడుగుపెట్టగానే డెల్మిరో చొక్కా జేబులోంచి వేలాడుతున్న జపమాలను చూసి 'జపమాల పోలీసు' అని పేరు పెట్టేశాడు.

"యాభై తొమ్మిది సార్. అది నాకు తెలుసు. తెలియనివే అడుగుతాను," అన్నాడు డెల్మిరో.

అతను కుర్చీ లాక్కుని అబ్దియాస్‌కి ఎదురుగా కూర్చున్నాడు. బుధవారం సాయంత్రం షిజుకో మియాహిరా తన ముద్రణశాలలో చనిపోయింది. గురువారం ఉదయం ఆరింటికి పాలవాడు తలుపు తోసి చూశాడు. తల వెనక ఒకటే దెబ్బ. బుధవారం ఆరుకీ తొమ్మిదికీ మధ్య అని డాక్టరు రాసిచ్చాడు. ఇప్పుడు శుక్రవారం. ఈ ఉదయం తొమ్మిదింటికి అబ్దియాస్‌ని ఇంటి దగ్గర పట్టుకొచ్చారు.

షిజుకో జపాను మనిషి. పదకొండో ఏట ఓడ దిగి, దక్షిణాన కాఫీ తోటల్లో పెరిగి, చెక్కబొమ్మలు చూసి పోదామని ఈ ఊరొచ్చింది. ఇరవై ఏళ్లు ఉండిపోయింది. సంతలో తాడుకి వేలాడే పాటల పుస్తకాల అట్టల మీద మేస్త్రి చెక్కే బొమ్మలంటే ఆమెకి ప్రాణం. ఆయన చెక్కిన చెక్క మీద ఆమె తన తాతల పద్ధతిలో తడి కాగితం పరిచి, వెనక నుంచి చేత్తో రుద్ది అచ్చు తీసేది. అది ఆరాక కుంచె పట్టుకుని ఒక్కో ప్రతికీ ఒక్కోలా రంగులు వేసేది. అది అచ్చా, చిత్రమా అని పెద్ద ఊళ్లవాళ్లు వాదించుకునేవారు. ఈ ఊళ్లో మాత్రం వాటిని 'జపానమ్మ బొమ్మలు' అనేవాళ్లు.

"మేస్త్రీ, బుధవారం అక్కణ్ణించి ఎన్నింటికి వచ్చేశారు?"

"ఆరూ ఇరవైకి."

"అప్పటికి ఎన్ని బొమ్మలు తీసింది?"

"ఇరవై ఆరు. ఎప్పుడూ ముప్పై తీస్తుంది. ముప్పై దాటి ఒక్కటి కూడా తియ్యదు."

"ఇంకో నాలుగే కదా. ఆగలేదేం?"

"నేను గుడికెళ్లి పాటలవాళ్లని కూర్చోబెట్టాలి కదయ్యా! ఏడున్నరకి మరియమాత జపమాల ప్రార్థన. ముందు నేను ఎత్తుకోకపోతే ఒక్కడూ నోరు విప్పడు."

ఈ మాట గుడిగంట కొట్టే టిబూర్సియో కూడా చెప్పాడు. ఆరూ నలభైకి అబ్దియాస్ గుడిలో ఉన్నాడు. తొమ్మిది వరకూ అక్కణ్ణించి కదల్లేదు. నలభై మంది చూశారని డెల్మిరో పైకే అన్నాడు.

"చూడనీ. ఆరూ పదికి చంపాడు, చొక్కా మార్చుకున్నాడు, ఆరూ నలభైకి వెళ్లి దేవుడి ముందు కూర్చున్నాడు. మీ ఊళ్లో భక్తి బాగానే ఉంది," అన్నాడు ఒటాసీలియో వెనక నుంచి.

డెల్మిరో వెనక్కి తిరగలేదు. "మీకూ ఆవిడకీ ఏమైనా గొడవలున్నాయా, మేస్త్రీ?"

"రోజూ ఉండేవి." ముసలాయన మొహంలో ఏదో మెదిలి వెంటనే పోయింది. "నా గీత లావని ఆమె, ఆమె రంగు పలచనని నేను. ఇరవై ఏళ్లు అదే గొడవ. ఇంకెందుకులే బాబూ అడగడం. వాళ్లు తీసుకెళ్తామంటే వెళ్లనీ నన్ను."

చెయ్యని నేరానికి పట్టుబడ్డవాడు ఇలా మాట్లాడడు. చేసినవాడూ ఇలా మాట్లాడడు. డెల్మిరో టోపీ తీసుకుని లేచాడు.

"ముద్రణశాల ఇంకోసారి చూస్తాను సార్."

"పద, నేనూ వస్తాను. నువ్వేదో అద్భుతం చూపిస్తే చూడొద్దూ?"

*

పన్నెండూ పదిహేనుకి తాళం తీశారు. లోపల ఒకటే గది. కిటికీ కింద పొడుగాటి బల్ల, మూలన ఎవరూ వాడని పాత ఇనుప అచ్చుయంత్రం, గోడ నుంచి గోడకి కట్టిన రెండు తాళ్లు. తాళ్లకి బొమ్మలు వేలాడుతున్నాయి. బల్ల పక్కన నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం. డెల్మిరో దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు.

"నీ మేస్త్రి సంగతి ఇక్కడుంది, చూడు," అన్నాడు ఒటాసీలియో బల్ల మీది చెక్కని చూపిస్తూ.

గుండెల్లో ఏడు కత్తులతో వ్యాకులమాత. ఒడిలో ఒక మూట పెట్టుకుని ఓడ మెట్ల మీద కూర్చుని ఉంది. మరియమాత ఓడెప్పుడు ఎక్కిందమ్మా అని ఊరి ఆడవాళ్లు అడిగితే, బిడ్డ పోయిన తల్లికి ఏ ఊరైనా పరాయి ఊరే కదా అందిట షిజుకో.

ఆ చెక్క మీద ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి రెండు లోతైన గాట్లున్నాయి. రెండూ సరిగ్గా మాత ముఖం మీద కలుస్తున్నాయి.

"చెక్కింది వాడు. పేరు వచ్చేది ఆమెకి. ఆ కడుపుమంటతో సొంత బొమ్మనే కోసి పారేశాడు. ఆ తర్వాత ఆమెని కొయ్యసుత్తితో ఒక్కటిచ్చాడు. ఇంత తేలిక కేసు నేను ఈ ఏడాదిలో చూడలేదు."

డెల్మిరో బల్ల ముందు వంగాడు. బల్ల కింది అర తలుపు తెరిచాడు. అందులో గుడ్డల్లో చుట్టిన పాత చెక్కలు ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి వరసగా బల్ల మీద పెట్టాడు. ఎద్దు. రైలు. పిండి దంచే ఆడవాళ్లు. పడవ. ఎండిన చెరువు. నిప్పుల మంట చుట్టూ నాట్యం. ఆరింటి మీదా మూల నుంచి మూలకి అవే రెండు గాట్లు. లోతు అదే, కత్తి వాలు అదే.

"ఇవి కూడా కడుపుమంటేనా సార్? పదేళ్ల నుంచీ ఉన్నట్టుంది మంట."

ఒటాసీలియో రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏంటి దీనర్థం?"

"ముప్పై ప్రతులంటే ముప్పయ్యే. ఇంకొకటి ఎవరూ తియ్యకుండా చెక్కని ఆమే కోసేస్తుంది. కొన్నవాళ్లకి ఇచ్చిన మాటన్నమాట. ఇది ఆమె చేతి కోతే. ఎడమచేతివాటం మనిషి. చూడండి, కత్తి దిగిన వైపు."

చెప్పాడు గాని, చెబుతుంటే అతనికే మనసు చివుక్కుమంది. ఈ ఊళ్లో ఎవరూ చెక్కని కొయ్యరు. తండ్రి చెక్కిన బొమ్మ కొడుకు అచ్చు తీస్తాడు, మనవడు తీస్తాడు, గీతలు అరిగి కాగితం మీద నల్లగా అలుక్కుపోయేవరకూ తీస్తారు. ఎద్దునైతే కొయ్యనీ, రైలునైతే కొయ్యనీ. మాత ముఖం మీద కత్తి పెట్టడానికి ఆమెకి చెయ్యెలా వచ్చింది? ఆమె మటుకు అది మాట నిలబెట్టుకోవడం అనుకుంది. రెండూ నిజాలే అయితే దేవుడు ఎవరి పక్కన నిలబడాలి?

అతను తాడు దగ్గరికెళ్లి మొదటి బొమ్మని వెనక్కి తిప్పాడు. కాగితం వీపు మీద చిన్న చిన్న గుండ్రటి మెరుపులు, పక్కపక్కనే చేపపొలుసుల్లా. ఆమె వెదురాకు చుట్టిన గుండ్రటి బిళ్లతో రుద్దేది. ఆ బిళ్ల ఇంకా బల్ల మీదే ఉంది. కింది మూలన పెన్సిలుతో ఒక అంకె, దాని పక్కన వేళ.

"సార్, ఇటు రండి. తడి కాగితం గంటగంటకీ ఆరుతుంది. దాన్ని బట్టి రంగు పలచన చెయ్యాలి. అందుకని ఏ బొమ్మ ఎప్పుడు తీసిందో వెనక రాసుకునేది." ఒక్కో కాగితం తిప్పుకుంటూ వెళ్లాడు. "ఇరవై ఆరు, ఆరూ పద్నాలుగు. ఇరవై ఏడు, ఆరూ ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది, ఆరూ ముప్పై ఆరు. ఇరవై తొమ్మిది, ఆరూ నలభై ఏడు. ముప్పై... ఆరూ యాభై ఎనిమిది."

అతను ఒటాసీలియో వైపు తిరిగాడు.

"ఆరూ యాభై ఎనిమిదికి ఆమె బతికే ఉంది సార్. ఆ తర్వాత చెక్కని కోసింది కూడా. మేస్త్రి ఆరూ నలభై నుంచీ గుడిలో ఉన్నాడు."

"పెన్సిలు అంకెలు ఎవరైనా రాస్తారు. చంపాక వాడే కూర్చుని రాసి ఉంటాడు."

"ఆయనకి అంకె రాయడం కూడా రాదు సార్. అందుకే కదా ఇందాక రెండుసార్లు వేలిముద్ర వేయించుకున్నారు."

ఒటాసీలియో మొహం ఎర్రబడింది. డెల్మిరో అది చూడనట్టు రెండో తాడు చివరికి వెళ్లాడు. అక్కడ ఇంకో బొమ్మ ఉంది. ముప్పై దాటి ఒక్కటి కూడా తియ్యని మనిషి గదిలో, ముప్పై ఒకటో ప్రతి.

రంగు ఎక్కువై గీతలన్నీ బొద్దుగా పడ్డాయి. కాగితం వంకరగా వేశారు. ఓడ మెట్ల మీద, మూట మీద ఆ గాట్లు తెల్లటి చారల్లా కనిపిస్తున్నాయి. ముఖం మీద మాత్రం లేవు. ముఖం నిండుగా ఉంది. వెనక్కి తిప్పాడు. అంకె లేదు, వేళ లేదు. గుండ్రటి మెరుపులూ లేవు. పైనుంచి కిందికి బారుగా గీసిన మెరుపు చారలు.

"ఇది బిళ్లతో రుద్దింది కాదు. చెంచాతో రుద్దింది. మా ఊరివాళ్ల పద్ధతి ఇది." అతను కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టాడు. ఒకచోట ఏదో పసుపుపచ్చగా అంటుకుని ఉంది. గోటితో గీరి వేళ్ల మధ్య నలిపి చూశాడు. మొక్కజొన్న రవ్వ. వెన్న జిడ్డు. మొక్కజొన్న రవ్వతో వండే కుస్కుజ్ వడ్డించిన చెంచా అది.

మళ్లీ చెక్క దగ్గరికొచ్చి ముఖం మీద గోరు పెట్టాడు. గాటు అక్కడ మైనంతో పూడ్చి ఉంది. ఎంత ఓపిగ్గా పూడ్చారంటే, కనుబొమ్మ గీత తెగినచోట ఆ గీతని కూడా మైనంలోనే మళ్లీ దిద్దారు. కొంచెం గీకి వాసన చూశాడు. తేనె వాసన.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు సార్. మైనం."

"కొవ్వొత్తి లేని ఇల్లుంటుందా? అదీ ఒక సాక్ష్యమేనా!"

ఇళ్లలో వెలిగించేవి తెల్ల కొవ్వొత్తులు. వాటికి వాసన ఉండదు. పసుప్పచ్చటి తేనెమైనం గుడి బలిపీఠం మీద మాత్రమే వెలుగుతుంది. మిగిలిన ముక్కలని కూడా పారెయ్యరు, డబ్బాలో దాచి మళ్లీ కరిగిస్తారు. జపమాల సంఘంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్న డెల్మిరోకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో కూడా చెప్పక్కర్లేదు. అయినా ఆ పేరు నాలుక మీదికి రానివ్వలేదు.

అతను మూలనున్న ఇనుప యంత్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని దిమ్మ అంచంతటా దుమ్ము పట్టి ఉంది, ఒక్క మూల తప్ప. ఆ మూలని తడిగుడ్డతో తుడిచారు. ఇనుపబందు కింద తుడవడం మర్చిపోయిన రక్తపు చార ఒకటి ఎండి నల్లబడి ఉంది.

"సుత్తితో కొట్టలేదు సార్. ఇక్కడ పడింది. పడ్డాకో పడేశాకో బల్ల పక్కకి జరిగింది, లేదా జరిపారు."

ఒటాసీలియో గడియారం చూసుకున్నాడు. "ఇదిగో డెల్మిరో, నువ్వు తెలివైనవాడివే. ఒప్పుకుంటాను. కానీ ఖాళీ జీపుతో తిరిగి రమ్మని నన్ను పంపలేదు. ఈ ముసలాడు కాకపోతే ఇంకొకడి పేరు చెప్పు. రెండులోపు చెప్పు. లేదంటే వీణ్ణే తీసుకెళ్తాను, మిగతాది జడ్జి చూసుకుంటాడు. జడ్జి చూసేసరికి ఏడాది పడుతుంది, అది వేరే సంగతి."

*

ఒంటిగంటా పదికి డెల్మిరో మళ్లీ అబ్దియాస్ ఎదురుగా కూర్చున్నాడు. ముందు పళ్లెంలో అన్నం, చిక్కుళ్లు అలాగే ఉన్నాయి.

"మేస్త్రీ, ఆరూ యాభై ఎనిమిదికి ఆమె బతికే ఉందని తేలిపోయింది. మీరు బయటపడ్డట్టే. ఒక్క చిన్న సంగతి చెప్పండి చాలు."

ముసలాయన మొహంలో సంతోషం రాలేదు. భయం వచ్చింది.

"బుధవారం జపమాలకి ముందు, బలిపీఠం మీద కొవ్వొత్తులు ఎవరు వెలిగించారు?"

"నేనే వెలిగించాను."

చెప్పేశాక గాని తనేం చెప్పాడో ఆయనకి తెలియలేదు. పాతికేళ్లుగా ఆ కొవ్వొత్తులు వెలిగించేది ఆయన భార్య జెనొవేవా. బలిపీఠం పని ఆవిడది. ఏడుంబావు కొట్టిందంటే ఆవిడ చేతిలో అగ్గిపెట్టె ఉండాల్సిందే.

"ఆవిడ ఎన్నింటికి వచ్చింది మేస్త్రీ?"

ముసలాయన తల దించుకుని అన్నం పళ్లెం పక్కకి జరిపాడు.

"జపమాల చెప్పేది మీరు. జనం వైపు తిరిగి నిలబడేది మీరు. ఐదు దేవరహస్యాల్లో ఎన్నోది చదువుతుండగా లోపలికి వచ్చిందో మీకు తెలియకుండా ఉండదు."

అబ్దియాస్ తల ఎత్తాడు. డెల్మిరో భుజం మీంచి గుమ్మంలో నిలబడ్డ ఒటాసీలియో వైపు చూశాడు.

"అయ్యా, రాసుకోండి. నేనే చంపాను. కాగితం తెండి, వేలిముద్ర వేస్తాను."

"మేస్త్రీ!"

"నోరు ముయ్యి డెల్మిరో!" ఆ గొంతు ఎప్పుడూ గుడిలో ముందుగా లేచే గొంతు. ఠాణా అంతా ఖంగుమంది. "నువ్వు చిన్నవాడివి. నా పాపం నన్ను చెప్పుకోనీ."

ఒటాసీలియో చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "భేష్! నీ జపమాల బాగా పనిచేసిందయ్యా. పది నిమిషాల్లో ఒప్పించేశావు."

"సార్, ఆ కాగితాల మీద వేళలు..."

"నిందితుడు ఒప్పుకున్నాక కాగితాలెందుకు? సిరా మెత్త ఇలా తీసుకురా."

డెల్మిరో తేలేదు. టోపీ కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తాడు.

*

జెనొవేవా గుడి వెనక గదిలో ఉంది. ఇత్తడి కొవ్వొత్తి స్తంభాల మీది మైనం చిన్న కత్తితో గీకి డబ్బాలో వేస్తోంది. ఎల్లుండి మాత పండగ.

"వచ్చావా తమ్ముడూ? ఏమైనా తిన్నావా?"

"లేదక్కా."

"డొక్కలు అంటుకుపోయాయి చూడు. కుస్కుజ్ ఉంది, పెట్టనా?"

ఈవిడ చేతుల మీదే డెల్మిరో రెండో కూతురికి జ్ఞానస్నానం అయింది. జ్వరమొచ్చిన ప్రతిసారీ అర్ధరాత్రని చూడకుండా కషాయం పట్టుకొచ్చింది ఈవిడే. డెల్మిరో గోడకి ఆనుకున్నాడు.

"బుధవారం షిజుకోగారికి కూడా కుస్కుజ్ తీసుకెళ్లావు కదూ, అక్కా?"

కత్తి ఆగింది. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుంది. కుడి అరచేతిలో చెక్క అంచు కోసిన గాయం ఎర్రగా ఉంది.

"ముఖం కోసింది తమ్ముడూ. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఏదో వాళ్ల భాషలో కూనిరాగం తీసుకుంటూ కోసింది. ఏం చేస్తున్నావే తల్లీ అని అరిచాను. 'ముప్పై అయిపోయాయి జెనొవేవాగారూ, ఇక ఈమెని పడుకోనిద్దాం' అంది. నవ్వుతూ అంది."

"అది ఆమె పద్ధతి అక్కా. ప్రతిసారీ అంతే."

"ప్రతిసారీ ఎద్దులనీ రైళ్లనీ కోసింది. ఇది ఎవరి ముఖమో తెలుసా నీకు?"

"మాతది."

"మా ఇసావ్రాది."

డెల్మిరోకి ఇసావ్రా గుర్తుంది. పంతొమ్మిదేళ్లకి జ్వరంతో పోయింది. శవపేటిక మోసినవాళ్లలో తనూ ఉన్నాడు.

"ఫొటో అయినా లేదు మా దగ్గర. తండ్రి చేతికొక్కదానికే గుర్తుంది ఆ ముఖం. చెక్కుతున్నానని నాకు చెప్పాడు. అయిపోయాక కోసేస్తారని మాత్రం చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు, ఇది మా పిల్ల ముఖమని. ఇద్దరికీ చెప్పకుండా ఊరుకున్నాడు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "చెక్కని పట్టుకుని లాగాను. ఆమె వదల్లేదు. ఇంకా లాగాను. వదిలింది... కాదు, నేనే తోశానేమో. వెనక్కి వెళ్లి ఇనుము మీద పడింది."

"పొద్దున్న మేస్త్రిని తీసుకెళ్లారు. అయినా నువ్వు రాలేదు."

"ఊరంతా గుడిలో చూసిన మనిషిని ఏం చేస్తారులే, మధ్యాహ్నానికి వదిలేస్తారనుకున్నా. పండగ అలంకారం అయ్యాక వచ్చి చెబుదామనుకున్నా తమ్ముడూ. ఒట్టు."

"ఆయన ఒప్పేసుకున్నాడు అక్కా. తనే చంపానన్నాడు. రెండింటికి తీసుకెళ్లిపోతున్నారు."

జెనొవేవా డబ్బా మూత పెట్టింది. గోడకి వేలాడుతున్న నల్ల ముసుగు తీసి తల మీద వేసుకుంది. గడియారంలో రెండుకి పన్నెండు నిమిషాలుంది.

*

ఠాణా ముందు జీపు ఇంజను తిరుగుతోంది. వెనక సీట్లో అబ్దియాస్, చేతులకి బేడీలు. ఒటాసీలియో ముందు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"సార్, మీరడిగిన పేరు తెచ్చాను," అన్నాడు డెల్మిరో రొప్పుతూ. "పేరుతో పాటు మనిషినీ తెచ్చాను. మైనం గుడిది. చెంచా ఈవిడ వంటింటిది."

ఒటాసీలియో ముసుగులో ఉన్న ముసలావిణ్ణి కిందికీ పైకీ చూశాడు. మొదటిసారి అతనికి ఎగతాళి మాట ఏదీ దొరకలేదు.

"ఇంటికి పో," అన్నాడు అబ్దియాస్ జీపులోంచి. "నిన్నెవరు రమ్మన్నారు? అయ్యా, దాని మాట వినకండి. పిల్ల పోయినప్పటి నుంచి దానికి మతి సరిగా లేదు."

"నాకు మతి బాగానే ఉంది. దిగు."

"నేను దిగను. ఎవరు చేసినా చేయించింది నేను. ఆ ముఖం చెక్కిన రోజే మీ ఇద్దరిలో ఒక్కరికైనా చెప్పి ఉంటే ఇలా అయ్యేది కాదు." ఆయన గొంతు తగ్గించాడు. బజారులో జనం పోగవుతున్నారు. "నువ్వు కొట్టే మనిషివి కావు, నాకు తెలియదా? చెయ్యి జారి పడి ఉంటుంది. పడీ పడగానే పోయి ఉంటుంది. అప్పుడు ఎవరున్నా ఏం చెయ్యగలరు? దానికి నువ్వు జైల్లో చావడం దేనికి? నేను ఎలాగూ పోయేవాణ్ణి. పో, కొవ్వొత్తులు చూసుకో."

ఇదే మాట ఇందాకటి నుంచీ డెల్మిరో కూడా మనసులో అనుకుంటున్నాడు. చెయ్యి జారింది. పడింది. పోయింది. దేవుడు క్షమించగల సంగతి.

జెనొవేవా జీపు దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"పడగానే పోలేదు," అంది.

"ఏంటీ?"

"నీళ్లడిగింది. పేరు పెట్టి పిలిచింది నన్ను. రెండుసార్లు అడిగింది. ఉండమ్మా, ముందు పిల్ల ముఖం బాగుచెయ్యనీ అన్నాను. గుడికి తీసుకెళ్తున్న డబ్బాలోంచి మైనం తీశాను, మెత్తబడటానికి టైము పట్టింది. కనుబొమ్మ దిద్దాలి కదా. ఆమె నేల మీద పాక్కుంటూ బల్ల దాకా వచ్చింది. వస్తున్నానమ్మా, ఇదిగో అయిపోయింది అన్నాను. సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుందామని అచ్చు తీశాను. తీసి చూసుకునేసరికి..." ఆవిడ ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పటికి అడగడం మానేసింది."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలియదు. జనంలో ఒకామె సిలువ గుర్తు వేసుకుంది. ఒటాసీలియో రుమాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అబ్దియాస్ భార్య ముఖంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో. తర్వాత బేడీలున్న చేతులతో జీపు కమ్మీ పట్టుకుని, ఒక కాలు దింపాడు. కాసేపాగి రెండో కాలు దింపాడు. డెల్మిరో చెయ్యి అందించబోతే పట్టుకోలేదు. నేల మీద నిలబడి, మెట్టుకి అడ్డం లేకుండా పక్కకి జరిగాడు.

"ఎక్కు," అన్నాడు.